లక్షల యాప్‌ల స్టోరులో మనకు కావాల్సిన ఆరు

ఫోను కొనేటప్పుడు మన వాళ్లు ధర చూస్తారు, కెమెరా చూస్తారు, బ్యాటరీ ఎంతసేపు వస్తుందో అడుగుతారు. కొన్న వారానికి అసలు ప్రశ్న బయటికొస్తుంది. ‘‘ఇందులో అది వస్తుందా?’’ ‘అది’ అంటే వాట్సాప్ కావచ్చు, బ్యాంకు యాప్ కావచ్చు, ఊళ్లో పాప చదివే బడి యాప్ కావచ్చు. రాదని తేలిన రోజు ఆ ఫోను ఎంత ముద్దొచ్చినా ఇటుక ముక్కతో సమానం.

పద్నాలుగేళ్లుగా దోహాలో ఉంటున్నాను. ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ ఐటీ విభాగంలో ఉద్యోగం. వారమంతా కంపెనీ సర్వర్లు, శుక్రవారం మన వాళ్ల ఫోన్లు. ఇండస్ట్రియల్ ఏరియాలో జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వాళ్లున్న రూముకు భోజనానికి వెళ్తే చేతులు కడుక్కునేలోపే నాలుగు ఫోన్లు ముందుకొస్తాయి. ఒకరికి స్టోరేజీ నిండిపోయింది, ఇంకొకరికి పాస్‌వర్డ్ గుర్తులేదు. ఈ శుక్రవారాల్లో చూసినన్ని రకాల ఫోన్లు నేను ఏ షోరూములోనూ చూడలేదు. నోకియా లూమియాలు, బ్లాక్‌బెర్రీలు, ఇప్పుడు గూగుల్ సేవలు లేని హువావేలు. మార్కెట్లో వెనకబడిన ప్లాట్‌ఫాం అని మనం పేపర్లో చదివేది అక్కడ ఒక మనిషి జేబులో ఉంటుంది. అతనికి అది ప్లాట్‌ఫాం కాదు, రెండు నెలలు దాచుకున్న డబ్బు.

అందుకే వెనకబడిన ఫోన్లకు మంచి యాప్‌లు ఎవరు చేస్తారు, వాళ్లను ఎలా ప్రోత్సహించాలి అన్న మాట వస్తే నాకు వ్యాపార పేజీల లెక్కలు గుర్తుకురావు. ఆ రూములే గుర్తొస్తాయి. ఇందులో మన తెలుగు ప్రోగ్రామర్లకు, వాళ్ల పిల్లలకు చేయదగ్గ పని కూడా ఉందని నా నమ్మకం.

లూమియా రోజులు

కొత్త తరానికి ఒకసారి గుర్తుచేయాలి. 2011 ఫిబ్రవరిలో నోకియా తన సింబియాన్‌ను పక్కనపెట్టి మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోన్‌తో చేతులు కలిపింది. గల్ఫ్‌లో నోకియా అంటే అప్పటికే ఇంటిపేరు లాంటిది. ఊరికెళ్లేటప్పుడు పెట్టెలో ట్యాంగ్ డబ్బా, గొడుగు, టైగర్ బామ్ సీసాలతో పాటు ఒక నోకియా ఉండాల్సిందే. 2013 ఫిబ్రవరిలో లూమియా 520ను ప్రకటించారు. నాలుగంగుళాల తెర, 512 ఎంబీ ర్యామ్, మెమరీ కార్డు పెట్టుకునే చోటు, పసుపు ఎరుపు నీలం రంగుల వెనక మూత. చవక. ప్రపంచం మొత్తమ్మీద విండోస్ ఫోన్లలో ఎక్కువమంది వాడింది ఈ మోడలే. నజ్మా, ముషైరిబ్ దుకాణాల ముందు శుక్రవారం సాయంత్రాలు దీన్ని తిప్పి తిప్పి చూసే మన కుర్రాళ్లు నాకు బాగా గుర్తు.

ఫోను మంచిదే. కింద పడినా పగిలేది కాదు, నత్తలా నడిచేది కాదు. ముఖ్యంగా డ్రైవర్లకు అది వరం. నోకియా వారి హియర్ మ్యాపులు ముందే దించుకుంటే నెట్ లేకుండా దారి చూపించేవి. అప్పుడు దోహా అంతా తవ్వకాలే. 2013లో మెట్రో పనులు మొదలయ్యాక నిన్న ఉన్న రౌండబౌట్ ఇవాళ ఉండేది కాదు. డేటా రీచార్జికి ఆలోచించే మనిషికి డేటా అక్కర్లేని మ్యాపు ఎంత విలువైనదో చెప్పక్కర్లేదు. మెదక్ జిల్లా నుంచి వచ్చిన ఒక ట్రక్కు డ్రైవరు ఆ మ్యాపు కోసమే లూమియా కొన్నాడు. నన్నడిగితే నాణ్యమైన యాప్ అంటే అదే. ఒక్క యాప్ ఫోనును అమ్మించగలదు.

మరి లోటు ఎక్కడ? యూట్యూబ్‌తోనే మొదలుపెడదాం. విండోస్ ఫోన్‌కు గూగుల్ సరైన యూట్యూబ్ యాప్ చేయలేదు. 2013 మే నెలలో మైక్రోసాఫ్టే ఒకటి చేసి పెడితే తమ నిబంధనలకు విరుద్ధంగా ఉందని గూగుల్ తీసేయమంది. ఆగస్టులో మార్చి మళ్లీ పెడితే రెండు రోజుల్లో మళ్లీ ఆపేసింది. రెండు పెద్ద కంపెనీల తగాదాలో పాత పాటల కోసం యూట్యూబ్ తెరిచే మనిషికి బ్రౌజరే దిక్కయింది. ఇన్‌స్టాగ్రామ్ 2013 నవంబరు దాకా రాలేదు. వాట్సాప్ ఉండేది గానీ 2014 మే నెలలో సాంకేతిక సమస్యలతో రెండు వారాలు స్టోరులోంచి మాయమైంది. అప్పటికే ఉన్నవాళ్లకు ఫర్వాలేదు, కొత్త ఫోను కొన్నవాళ్లు ఇంటికి ఏం చెప్పాలో తెలియక తిరిగారు.

స్టోరులో యాప్‌ల సంఖ్య మాత్రం ఏటా పెరుగుతూనే ఉంది. 2012 మధ్యలో లక్ష, 2013 చివరికి రెండు లక్షలు, 2014 ఆగస్టుకు మూడు లక్షలు. రూములో ఒకాయన నన్నడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. ‘‘తమ్మీ, మూడు లచ్చలున్నయంటున్నవ్ గద, మరి నాకు కావల్సిన ఆరు ఎటు వోయినయ్?’’

వంద డాలర్లకు ఒక యాప్

ఆ ప్రశ్నకు జవాబు కంపెనీలు డెవలపర్లను పిలిచిన తీరులో ఉంది.

2013 మార్చిలో మైక్రోసాఫ్ట్ అమెరికాలో ఒక పథకం పెట్టింది. స్టోరులోకి అనుమతి పొందిన ప్రతి యాప్‌కూ వంద డాలర్ల కార్డు. విండోస్ ఫోన్‌కు పది, విండోస్ 8కు పది, అంటే ఒక్కొక్కరికి రెండు వేల డాలర్ల దాకా. అంతకు రెండు నెలల ముందే బ్లాక్‌బెర్రీ అదే బాటలో నడిచింది. తన కొత్త బీబీ10 విడుదలకు ముందు ఒక వారాంతంలో, పాత యాప్‌లను ఇటు మార్చి తెచ్చినవారికి యాప్‌కు వంద డాలర్లు ఇస్తానంది. 37 గంటల 30 నిమిషాల్లో 15 వేల యాప్‌లు వచ్చాయని గర్వంగా చెప్పుకొంది. 2013 జనవరి 30న ఫోను విడుదలయ్యేనాటికి స్టోరులో 70 వేలు. ఆ ఆగస్టుకు లక్షా ఇరవై వేలు. అందులో 47 వేలకు పైగా హాంకాంగ్‌కు చెందిన ఒకే ఒక్క సంస్థవని తర్వాత బయటపడింది!

వంద డాలర్లంటే ఇక్కడి లెక్కలో 364 రియాళ్లు. శని, ఆదివారాలు కూర్చుంటే టార్చిలైటు యాప్ ఒకటి, వాల్‌పేపర్ యాప్ ఒకటి తయారవుతాయి. డబ్బు తెచ్చే పనిని మనిషి ఎంత తేలిగ్గా చేయగలిగితే అంత తేలిగ్గా చేస్తాడు. ఇందులో డెవలపర్ తప్పేమీ లేదు. బస్తాకింత అని కూలి మాట్లాడుకుని, బస్తాలో ఏముందో చూడకపోతే ఊకే వస్తుంది. అప్పట్లో నాకు తెలిసిన ఒక కుర్రాడు ఒకే మూసలో బొమ్మలు మార్చి ముప్ఫై యాప్‌లు ఎక్కించాడు. ఒక దేవుడికి ఒకటి, ఒక హీరోకు ఒకటి. నెల తిరిగేసరికి వాటిని అతనే మర్చిపోయాడు.

నకిలీలూ అలాగే చేరాయి. ప్రసిద్ధ యాప్‌ల పేరు, బొమ్మ పెట్టుకుని లోపల ఏమీ లేనివి, డబ్బులు కట్టించుకునేవి. 2014 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ పేర్లకు, బొమ్మలకు కొత్త నిబంధనలు తెచ్చి 1,500కు పైగా యాప్‌లను ఏరిపారేసింది. మొదట లెక్క కోసం పోగేసుకుని, తర్వాత చాటతో చెరగడమన్న మాట.

అయితే అన్ని పథకాలూ ఒక్కలాంటివి కావు. 2012లో మైక్రోసాఫ్ట్, నోకియా కలిసి ఫిన్లండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో యాప్‌క్యాంపస్ ప్రారంభించాయి. చెరో 90 లక్షల యూరోల దాకా, మూడేళ్లకు. ప్రతిపాదన చూసి, మనిషిని చూసి, 20 వేల నుంచి 70 వేల యూరోల వరకు ఇచ్చేవారు. శిక్షణ కూడా ఉండేది. బ్లాక్‌బెర్రీ 2012లోనే ఇంకో మంచి మాట ఇచ్చింది. తమ నాణ్యతా పరీక్ష నెగ్గిన యాప్ మొదటి ఏడాదిలో కనీసం వెయ్యి డాలర్లు సంపాదిస్తే, పది వేలకు ఎంత తక్కువైతే అంత తాము కలుపుతామంది. తేడా చూడండి. ఇక్కడ డబ్బు స్టోరులో పెట్టినందుకు కాదు, జనం డబ్బిచ్చి వాడినందుకు. నా దృష్టిలో ఆ రోజుల్లో వచ్చిన ఆలోచనలన్నిటిలో ఇదే తెలివైనది. కానీ వార్తల్లో గట్టిగా మోగింది 15 వేలు, లక్ష, మూడు లక్షలు అనే అంకెలే.

మన దేశంలోనూ ఆ ఊపు కనిపించింది. 2012 సెప్టెంబరులో బెంగళూరులో విండోస్ 8 యాప్‌ల పండుగ పెడితే 2,567 మంది ఒకే చోట కూర్చుని ప్రోగ్రాములు రాసి గిన్నిస్ రికార్డు కొట్టారు. పెళ్లికి అంతమంది వస్తే సంతోషమే. కాపురం సంగతి వేరు.

ఒక్కడు చేసిన పని

ఈ సందట్లో రూడీ హ్యూన్ అనే ఫ్రెంచి డెవలపర్ వేరే పని చేశాడు. విండోస్ ఫోన్ వాడేవాళ్లకు ఏది లేదని బాధగా ఉందో అదే తీసుకున్నాడు. ఇన్‌స్టాగ్రామ్ రాకముందే 6ట్యాగ్ చేశాడు, స్నాప్‌చాట్‌కు బదులు 6స్నాప్ చేశాడు. అవి పేరుకు అనుకరణలైనా తీరులో అసలును మించినవని వాడినవాళ్లు చెప్పుకునేవారు. బగ్ వస్తే త్వరగా సరిచేసేవాడు. వాడేవాళ్లతో నేరుగా మాట్లాడేవాడు. ఒక్క మనిషి నాణ్యమైన రెండు మూడు యాప్‌లతో వంద డాలర్ల యాప్‌లన్నీ కలిసి ఇవ్వలేని ధైర్యం ఆ ఫోను కొన్నవాళ్లకు ఇచ్చాడు. చివరికి 2014 డిసెంబరులో, బయటివారు చేసిన యాప్‌లు కూడదని స్నాప్‌చాట్ పట్టుబట్టడంతో 6స్నాప్ స్టోరులోంచి పోయింది. సొంత యాప్ మాత్రం వాళ్లు చేయలేదు.

ఇక మా సంగతి చిన్నదే అయినా చెప్పాలి. 2013 ఆగస్టులో రూపాయి పడిపోయిన రోజులు గుర్తున్నాయా? ఆ నెల 28న డాలరు 68 రూపాయలు దాటింది. రియాల్ డాలరుకు కట్టి ఉంటుంది కాబట్టి రెండేళ్ల క్రితం 12 రూపాయలున్న రియాల్ దాదాపు 19కి చేరింది. ఎక్స్చేంజ్‌ల ముందు వరుసలు రోడ్డెక్కాయి. ఇవాళ పంపాలా, రేపు పంపాలా అని రూముల్లో రాత్రంతా చర్చలు. మేం నలుగురం తెలుగు వాళ్లం, అందరమూ ఐటీ ఉద్యోగులమే, అప్పుడే ఒక చిన్న యాప్ మొదలుపెట్టాం. రియాల్‌ను రూపాయల్లోకి మార్చి చూపించే లెక్క, పక్కన ఎంబసీ, ఆసుపత్రి, అత్యవసర నంబర్లు, తెలుగు క్యాలెండరు. అంతే.

ఎందుకు విండోస్ ఫోన్‌కు చేశామంటే కారణం ఒకటే. మా రూముల్లో అదే ఎక్కువ ఉంది. విజువల్ స్టూడియో ఉచితంగా దొరికేది. స్టోరు రుసుము కూడా ఆ ఏడాదే 99 డాలర్ల నుంచి 19కి తగ్గించారు. రెండు వారాల్లో అయిపోయే పనికి నాలుగు నెలలు పట్టింది. ఎందుకంటే మేం దాన్ని మా ఖరీదైన ఫోన్లలో పరీక్షించలేదు. శుక్రవారం శుక్రవారం లూమియా 520 ఉన్న మనిషి చేతిలో పెట్టి పక్కన కూర్చున్నాం. ఏమీ చెప్పకుండా చూడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. బొటనవేలు సిమెంటు పనితో మొద్దుబారి ఉంటుంది, చిన్న బటన్ పడదు. ఎండలో లేత బూడిద రంగు అక్షరం కనిపించదు. నెట్ లేకపోతే ఖాళీ తెర చూపించకూడదు, నిన్నటి రేటు చూపించి ‘ఇది నిన్నటిది’ అని రాయాలి. మెట్‌పల్లి పక్కనుంచి వచ్చిన ఒక పెద్దాయన లెక్క చూసి, ‘‘గీ పైసలల్ల ఎక్స్చేంజోడు తీస్కునే పదిహేను రియాళ్లు ఏవి తమ్మీ?’’ అన్నాడు. పంపే రుసుము తీసేసి చూపించాలన్న సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన నోట్లో ఉంది.

డౌన్‌లోడ్లు వందల్లోనే. కానీ దించుకున్నవాళ్లు వాడారు. రేటు మారిందని రాత్రి పదకొండింటికి ఫోను చేసి చెప్పేవారు.

ఈ తక్కువ ర్యామ్ సంగతి పెద్ద కంపెనీలనూ ఇబ్బంది పెట్టింది. 2013లో టెంపుల్ రన్ ఆట విండోస్ ఫోన్‌కు వచ్చినప్పుడు 512 ఎంబీ ఫోన్లలో ఆడలేదు. అంటే ఎక్కువమంది చేతిలో ఉన్న ఫోనులోనే ఆడలేదు. తర్వాత సరిచేశారు. ఇంట్లో పిల్లాడికి తెచ్చిన ఫోను కొన్నాళ్లపాటు ఏడుపు ముఖం చూపించింది.

విత్తు ముందా, చెట్టు ముందా

ఫోను కొనేవాళ్లు లేరని డెవలపర్లు రారు, యాప్‌లు లేవని కొనేవాళ్లు రారు. విండోస్ ఫోన్ వాటా ప్రపంచంలో మూడు నాలుగు శాతం దాటలేదు. 2014 ఫిబ్రవరి 4న మన హైదరాబాద్ బిడ్డ సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. ఇక్కడ మన వాళ్లు స్వీట్లు పంచుకున్నారు. ఆ పీఠంతో పాటు ఈ ఫోన్ల తలనొప్పీ ఆయనకు దక్కింది. నోకియా ఫోన్ల విభాగాన్ని కొనాలన్న ప్రతిపాదన ముందుకొచ్చినప్పుడే తాను వద్దన్నానని తర్వాత ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలో రాసుకున్నారు. ఐఫోన్, ఆండ్రాయిడ్ ఉండగా మూడోది ఎందుకన్నది ఆయన ప్రశ్న. 2015 జూలైలో ఆ కొనుగోలు కింద 760 కోట్ల డాలర్లు నష్టంగా రాసేశారు. 7,800 దాకా ఉద్యోగాలు పోయాయి. 2023లో ఒక ఇంటర్వ్యూలో మాత్రం, ఫోన్ల నుంచి తప్పుకోకుండా ఏదో దారి వెతికి ఉండాల్సిందేమో అన్న అర్థంలో మాట్లాడారు. ఆ మాట చదివినప్పుడు నాకు లూమియా రూములే గుర్తొచ్చాయి.

విండోస్ విభాగం పెద్దల్లో ఒకరైన జో బెల్ఫియోర్ 2017 అక్టోబరులో దాచకుండా ఒప్పుకున్నారు. యాప్‌ల కోసం డబ్బిచ్చాం, కొన్నిటిని వాళ్ల తరఫున మేమే రాసిపెట్టాం, అయినా వాడేవాళ్ల సంఖ్య చాలక ఎక్కువ కంపెనీలు పెట్టుబడి పెట్టలేదన్నది ఆయన మాటల సారం. ఇది నిజమే. కానీ సగం నిజం అనుకుంటాను. స్నాప్‌చాట్‌నో గూగుల్‌నో బతిమాలి తేవడం కష్టం. అది వాళ్ల ఇష్టం. దోహాలో ఎక్స్చేంజ్ రేటు, జగిత్యాలకు బస్సు సమయం, ఎంబసీ అపాయింట్‌మెంట్ చెప్పే యాప్ చేయడానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు. అక్కడే ఉన్న పదిమంది డెవలపర్లకు ఒక చవక ఫోను చేతిలో పెట్టి, రెండో ఏడాది కూడా ఆ యాప్‌ను బాగా ఉంచితే డబ్బిస్తామంటే చేసేవాళ్లు. రెండో ఏడాది అనే మాటను నేను కావాలనే అంటున్నాను. పుట్టిన యాప్‌కు వంద డాలర్లిచ్చిన వాళ్లున్నారు గానీ బతికిన యాప్‌కు ఇచ్చినవాళ్లు అరుదు. రోడ్డు వేయడానికి కాంట్రాక్టు ఉంటుంది, గుంతలు పూడ్చడానికి ఉండదు, మన దగ్గరలాగే.

చివరి రోజులు గబగబా గడిచాయి. విండోస్ 10 ఫోన్లలో హియర్ మ్యాపులు 2016 జూన్ 30 తర్వాత నడవవని ప్రకటన వచ్చింది. బ్లాక్‌బెర్రీ ఫోన్లలో వాట్సాప్ 2017 డిసెంబరు 31తో ఆగింది. విండోస్ ఫోన్లలో 2019 డిసెంబరు 31తో. ఆ డిసెంబరులో రెండు శుక్రవారాలు నేను చేసింది ఒకటే పని, పాత లూమియాల్లోంచి ఫొటోలు తీసి కొత్త ఫోన్లలో పెట్టడం. కూతురి నామకరణం, నాన్న ఆఖరి ఫొటో, కట్టుకుంటున్న ఇంటి పునాది.

మలయాళం ఉంది, ఉర్దూ ఉంది

పాత ఫోన్ల కథ మనకెందుకు అనేవాళ్ల కోసం ఖతార్‌లోనే జరిగిన ఒక సంగతి. కరోనా కాలంలో, 2020 మే 22 నుంచి, ఇల్లు దాటే ప్రతి మనిషి ఫోనులో ఎహ్‌తెరాజ్ యాప్ ఉండాలని ప్రభుత్వం ఆదేశించింది. ఉల్లంఘిస్తే రెండు లక్షల రియాళ్ల దాకా జరిమానా, మూడేళ్ల దాకా జైలు. కిరాణా కొట్టుకు వెళ్లాలన్నా ఆకుపచ్చ గుర్తు చూపించాలి. మహమ్మారి కాలంలో ఆ యాప్ అవసరం ఎవరూ కాదనరు. కానీ ఆ వారంలో పాత ఫోన్లున్నవాళ్ల అవస్థ చూసినవాళ్లకు ఒకటి అర్థమైంది. యాప్ అనేది ఇప్పుడు షోకు కాదు, గేటు. గేటు తెరిచే తాళం ఒకరి ఫోనులో పట్టి ఇంకొకరి ఫోనులో పట్టకపోతే, ఆ రెండో మనిషి లోపలే ఉండిపోతాడు.

రోజువారీ జీవితంలో ఆ గేటు మెట్రాష్. ఐడీ రెన్యువల్, ట్రాఫిక్ జరిమానా, వీసా వివరాలు అన్నీ అందులోనే. హోంశాఖ చేసిన మెట్రాష్2లో అరబిక్, ఇంగ్లిష్‌తో పాటు ఉర్దూ, మలయాళం కూడా ఉండేవి. తెలుగు లేదు. మలయాళీ సోదరుల సంఖ్య, సంఘబలం ఎక్కువ, అందులో అసూయపడాల్సిందేమీ లేదు. కానీ తెలుగు మాత్రమే చదవగలిగిన మేస్త్రీ తన బతాకా గడువు ఎప్పుడు తీరుతుందో తెలుసుకోవడానికి పక్క మంచం మీది మలయాళీ మిత్రుణ్ని లేపాల్సి వచ్చేది. 2015లో జీతాలు బ్యాంకు ద్వారానే ఇవ్వాలన్న చట్టం వచ్చాక ప్రతి కార్మికుడికీ కార్డు వచ్చింది, మంచి మార్పు. జీతం పడిందో లేదో చూసుకునే తెర మాత్రం అతని భాషలో లేదు.

ఇప్పుడు ఇబ్బందిలో ఉన్న ప్లాట్‌ఫాం హువావేది. 2019 మే నెలలో అమెరికా ఆంక్షలు వచ్చాక దాని కొత్త ఫోన్లలో గూగుల్ సేవలు లేవు. సొంత యాప్‌గ్యాలరీ మీద ఆధారపడింది, డెవలపర్ల ప్రోత్సాహానికి వంద కోట్ల డాలర్లు ప్రకటించింది. 2024లో చైనాలో తెచ్చిన కొత్త హార్మనీ ఓఎస్ అయితే ఆండ్రాయిడ్ యాప్‌లను అసలు నడపనే నడపదు. చైనాలో ఆ కంపెనీకి జనం బలముంది. గల్ఫ్‌లో అంత లేదు. ఇక్కడ మన వాళ్ల చేతుల్లో కనిపించే హువావేలు చాలావరకు ఎవరో వాడి అమ్మినవి, లేదా కెమెరా చూసి కొన్నవి. ‘ఇందులో అది వస్తుందా?’ అన్న ప్రశ్న మళ్లీ మొదలైంది.

మన పిల్లలకు ఒక పని

విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాల్లో కోడింగ్ నేర్వని పిల్లాడు దాదాపు లేడు. దోహాలో ఎడ్యుకేషన్ సిటీలో కార్నెగీ మెలన్ శాఖ 2004 నుంచి ఉంది, కంప్యూటర్ సైన్స్ చెబుతుంది. పిల్లల్ని అడగండి, ఏం చేస్తున్నార్రా అని. ఎక్కువమంది ఇప్పటికే వంద ఉన్న చేయవలసిన పనుల జాబితా యాప్‌కు నూటొకటోది చేస్తుంటారు. ఐఫోన్ స్టోరులో అది సముద్రంలో ఉప్పు రాయి. చిన్న స్టోరులో మంచి యాప్ పెడితే మొదటి వారమే వాడేవాళ్ల మాట వినిపిస్తుంది. ఉద్యోగం ఇంటర్వ్యూలో ‘వంద మంది కార్మికులు దీన్ని రెండేళ్లుగా రోజూ వాడుతున్నారు, ఇవిగో వాళ్లు చెప్పిన లోపాలు, ఇవిగో దిద్దినవి’ అని చూపించే కుర్రాడికీ, ముప్ఫై బొమ్మల యాప్‌లు చూపించేవాడికీ తేడా కనిపెట్టలేని మేనేజరు నాకైతే తగల్లేదు. నేనూ అభ్యర్థుల్ని ఎంపిక చేసే బల్ల వెనక కూర్చుంటాను కదా.

తల్లిదండ్రులు చేయాల్సింది పెద్దగా లేదు. పాత ఫోనును డ్రాయరులో పడేయకుండా పిల్లాడికి పరీక్షించడానికి ఇవ్వండి. నెలకో శుక్రవారం క్యాంపుకు తీసుకెళ్లండి. యాప్ ఎలా ఉందని మీరు అడగొద్దు. వాడుతుంటే చూడమనండి. తెలుగు సంఘాల వాళ్లకు కూడా ఒక మాట. ఉగాది వేదిక మీద చప్పట్లతో సరిపెట్టకుండా, గత ఏడాది పెట్టిన యాప్ ఈ ఏడాదీ పనిచేస్తుంటే ఆ పిల్లలకు ఓ ఐదు వందల రియాళ్లు బహుమతిగా ఇవ్వండి. క్రికెట్ కప్పుకు అంతకంటే ఎక్కువే ఖర్చు పెడుతున్నాం.

మా అపార్ట్‌మెంట్లో ఇద్దరు అక్కాచెల్లెళ్లు, పెద్దది పదకొండో తరగతి, ఈ వేసవి సెలవుల్లో ఒకటి మొదలుపెట్టారు. ఐడీ గడువు, పాస్‌పోర్టు గడువు, హెల్త్ కార్డు గడువు ఒకసారి నమోదు చేస్తే నెల ముందు తెలుగులో పలికి గుర్తుచేసే యాప్. నెట్ అక్కర్లేదు, వివరాలు ఫోను దాటి ఎక్కడికీ పోవు. రెండు జీబీ ర్యామ్ ఉన్న పాత ఆండ్రాయిడ్‌లో నడవాలని నాన్న షరతు పెట్టారు. హువావే వాళ్ల కోసం యాప్‌గ్యాలరీలో కూడా పెట్టాలని వాళ్లకే తోచింది. గొంతు చిన్నమ్మాయిది, చక్కగా వార్తలు చదివినట్టు చదివింది.

మొన్న శుక్రవారం వాళ్లను రూముకు తీసుకెళ్లాం. మొదట విన్న ఆయన కోరుట్ల వైపు తాపీ మేస్త్రీ. మూడుసార్లు విని, ‘‘మంచిగున్నది బిడ్డా, గని టీవీల మాట్లాడినట్టున్నది. మా ఇంటోళ్లు చెప్పినట్టుంటె గదా నాకు భయమైతది’’ అన్నాడు. గదంతా నవ్వులు. చిన్నమ్మాయి అక్కడికక్కడే ఫోను ఆయన నోటి దగ్గర పెట్టి రికార్డింగ్ నొక్కింది. ‘‘ఓ అన్నా, నీ బతాకా అయిపోవట్టె, ఇంక నెలనే ఉన్నది, కంపెనీల చెప్పు’’ అని ఆయన రెండో ప్రయత్నంలో తడుముకోకుండా చెప్పాడు. ఇప్పుడు యాప్‌లో ఆ గొంతే ఉంది. కోనసీమ వాళ్ల కోసం ఇంకో గొంతు కావాలని వచ్చే శుక్రవారం లేబర్ సిటీకి వెళ్తున్నారు.